మనీలాను వెనక్కి ఇప్పించిన అంకుల్

సెంబవాంగ్‌లో మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయిన మంగళవారం కన్నుమూశారు. ఫోన్‌లో అమ్మ చెప్పగానే ఏడుపొచ్చింది. కాసేపటికి, సిగ్గు లేకుండా, నవ్వూ వచ్చింది. ఆయన్ని తలుచుకుని ఎక్కువసేపు ఏడవడం మీవల్ల కూడా అయ్యేది కాదు.

ఆయన యానాం మనిషి. షిప్‌యార్డులో ఓడలకు రంగులు వేసేవారు. చదివింది ఏడో తరగతే అయినా, యూరప్ రాజుల తగాదాలు సొంత బావమరుదుల గొడవల్లా చెప్పేవారు. "పదిహేడొందల అరవైమూడులో పారిస్‌లో ఆ సంతకాలు పడబట్టే యానాం మళ్ళీ ఫ్రెంచోళ్ళకొచ్చిందమ్మా. లేపోతే మాదీ కాకినాడ పక్కన ఇంకో ఊరే" అని మీసం దువ్వేవారు.

నా పదిహేనో ఏట అదే పారిస్ ఒప్పందం గురించి క్లాసులో మాట్లాడాల్సి వచ్చింది. అప్పటికే రెండు పరీక్షలు తప్పాను. ఇదీ పోతే హిస్టరీ మానేయమంది టీచర్. నాకేమో ఇష్టమైంది ఆ ఒక్క సబ్జెక్టే. కానీ ఏ చోటు ఎవరి చేతికి వెళ్ళిందో ఎంత చదివినా బుర్రకెక్కేది కాదు.

అంకుల్ నన్ను తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్‌కు తీసుకెళ్ళి టేబుళ్ళ మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టారు. ఇక్కడ ప్యాకెట్ పెడితే సీటు మనదే కదా! "ఇది కెనడా. ఫ్రెంచోళ్ళ ప్యాకెట్ తీసెయ్, ఇంగ్లీషోళ్ళది పెట్టు. ఇది యానాం. ఫ్రెంచోళ్ళకిచ్చెయ్." దూరంగా ఉన్న టేబుల్ మనీలా. దాన్ని ఇంగ్లీషువాళ్ళు స్పెయిన్ నుంచి లాక్కున్న కబురు సంతకాల నాటికి పారిస్‌కు చేరనేలేదు.

"అయితే దే కెన్ కీప్ లా, అంకుల్! వాళ్ళే ఉంచేసుకోవచ్చుగా!" అన్నాను.

"కుదరదమ్మా. కాయితంలో పేరు లేనివన్నీ తిరిగిచ్చెయ్యాలని రాసుకున్నారు. లే, లే!" అని మనీలా టేబుల్ దగ్గర కూర్చున్న నన్నే లేపేశారు. పళ్ళేలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు గుర్రుగా చూశారు. ఆయన పట్టించుకుంటేనా! "మ్యాపు చూస్తే చాలదమ్మా, కూర్చుని లేవాలి" అన్నారు.

క్లాసులో నేనూ బెంచీల మీద ప్యాకెట్లు పెట్టాను. మనీలాలో కూర్చున్న పిల్ల లేవనని మొండికేస్తే, క్లాసంతా కాయితంలో రాసింది చెప్పి మరీ లేపింది. టీచర్ చప్పట్లు కొట్టి, హిస్టరీలోనే ఉండమంది. ఇవాళ నేను అదే పాఠం చెప్పి బతుకుతున్నాను. అదంతా ఆయన చలవే. బతికుండగా ఈ మాట ఆయనతో చెప్పనందుకు బాధగా ఉంది.

ఆ రోజు బడి నుంచి బయటికొచ్చేసరికి గేటు పక్క బస్టాపులో అంకుల్ ఉన్నారు, సగం రోజు సెలవు పెట్టి, రంగు మరకల బూట్లతోనే.

"మనీలా ఇప్పించేవా?" అని దూరం నుంచే కేకేశారు.

"ఇప్పించేశా అంకుల్!"

ఆయన రెండు చేతులూ పైకెత్తేశారు. తననే ఆగమంటున్నారనుకుని వచ్చే బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది, డ్రైవర్ ఎక్కమన్నాడు. ఆయన ఎక్కలేదు, చేతులూ దించలేదు.