బస్సు కిటికీలోంచి ఎంచిన పందేలు

బ్రేకు కడ్డీ బండ మీద పడి ఠంగుమన్నప్పుడు నేను గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతున్నాను. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాకిట్లో మా ఆయన సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి పానాతో ఒక్కొక్కటే విప్పుతున్నాడు. మడ్‌గార్డులు, స్టాండు, వెనక క్యారియరు, చైను కవరు, బెల్లు అన్నీ పాత దుప్పటి మీద కుప్పగా ఉన్నాయి. వాటికి నేను భయపడలేదు. ప్రతి పందేనికీ ముందురోజు బరువు తగ్గించడానికి అవి విప్పడం, మర్నాడు మళ్ళీ బిగించడం మా ఇంట్లో మామూలే. కానీ బ్రేకు విప్పడం అదే మొదటిసారి.

"అదెందుకు ఇప్పుతున్నరు?"

"అందరు ఇప్పుతరు. గీ కడ్డీలు, గీ రబ్బర్లు అన్నీ కలిస్తె శేరు బరువుంటది."

"మరి ఆపుడెట్ల?"

"కాలు లేదా? చెప్పు టైరుకు ఆనిస్తె అదే ఆగుతది. అయినా పందెంల ఆగుడెందుకే?"

నాకు నవ్వు రాలేదు. "గుట్ట దిగేటప్పుడో?" అన్నాను.

ఆయన పానా ఆపి నా వైపు చూశాడు. "దిగుడెట్లుంటదో నువ్వే కదా చూసొచ్చినవ్. నువ్వు సరే అన్నంకనే పేరిచ్చిన."

నేను తల దించుకుని మళ్ళీ బియ్యం ఏరడం మొదలుపెట్టాను. ఆ గుట్ట దిగుడు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

మా ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరు. నల్గొండ చుట్టుపక్కల ఊళ్ళకు రోజూ సైకిలు మీద పోయి బర్లకు, గొర్లకు, మేకలకు సూదులు వేసి వస్తాడు. ఎండాకాలం అయినా వానాకాలం అయినా ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కనిదే ఆయనకు అన్నం సయించదు. పెళ్ళయిన కొత్తలో ఎవరో జాతరలో సైకిలు పందెం పెడితే ఊరికే దిగి, రెండోస్థానంలో వచ్చి గోడ గడియారం తెచ్చాడు. అప్పటి నుంచి మొదలైంది. గోడ మీద రాత కనిపించినా, మైకు కట్టిన రిక్షా వినిపించినా పోయి పేరు ఇచ్చేసేవాడు. ఏ పందెం, ఎంత దూరం, దారి ఏంటి, తాగే నీళ్ళు ఎక్కడ, ఏమీ అడిగేవాడు కాదు.

అట్లా ఒకసారి షాద్‌నగర్ దాకా పోయి ఒక పందెంలో దిగాడు. పొద్దున ఏడింటికి అన్నారు. జెండా ఊపడానికి రావలసిన పెద్దమనిషి పదకొండున్నరకు వచ్చాడు. మాట్లాడి, దండ వేయించుకుని, ఫొటో దిగి, జెండా ఊపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా ఆయన పందెం పూర్తి చేశాడు కానీ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. కుండెడు మజ్జిగ తాగించి, తడిగుడ్డ కప్పి పడుకోబెట్టాను. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు. మూలన నిలబడి, "నాయిన వండినట్ల ఎందుకున్నడు?" అని అడిగింది.

మర్నాడే పంచాయితీ పెట్టాను. మా వాడ మలుపులో కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపే చాచా మా ఇద్దరికీ పెద్దమనిషి. ఆయన పంక్చరు అతికిస్తూనే తీర్పు చెప్పాడు. "చూడు బిడ్డా, నువ్వు కాలేజీల చదివినవ్. ఇయ్యాల్టి సంది పందెం ఏదైన నువ్వు చూసి సరే అంటెనే గీయన పేరియ్యాలె. కాని సరే అన్నంక మళ్ల నువ్వు అడ్డం పడొద్దు. ఇద్దరు ఒప్పుకుంటరా?"

ఇద్దరం ఒప్పుకున్నాం.

అప్పుడు నేను డిగ్రీలో కూడా చెయ్యనంత పని చేశాను. జెండా ఊపడానికి పెద్దమనిషి వచ్చే పందెం వద్దు. ఎండ ఎక్కకముందే మొదలుపెట్టేది కావాలి. మర్రిగూడ వైపు పందెమైతే ఇంటి నీళ్ళే సీసాల్లో కట్టిచ్చేదాన్ని. ఆ ఫ్లోరైడు బోరు నీళ్ళు ఎముకలను ఏం చేస్తాయో అక్కడి ముసలివాళ్ళ నడక చూస్తే తెలుస్తుంది. "ఒక్క చెంబు తాగితె కాళ్లు వంకర పోతయా?" అని మా ఆయన వెక్కిరించేవాడు. పోవని నాకూ తెలుసు. అయినా సీసాలు కట్టేదాన్ని. ఏడు రోజులు సైకిలు దిగకుండా మైదానంలో గుండ్రంగా తొక్కే ఆట ఉండేది. ఆయనకు దాని మీద చాలా మనసు. ఒక ఊళ్ళో అది జరుగుతుంటే పిల్లలతో పోయి చూశాను. మనిషి సైకిలు మీదే స్నానం చేస్తున్నాడు, సైకిలు మీదే అన్నం తింటున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. మూడోరోజు ఆ మనిషి కళ్ళు చూశాక ఇంటికి వచ్చి, "నేను బతికుండంగ అది వద్దు" అని చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యమైనది దారి. ప్రతి పందేనికీ ముందు ఒక ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని ఆ దారిలో బస్సు ఎక్కేదాన్ని. డ్రైవరు వెనక సీటు, కిటికీ పక్కన. డ్రైవరు ఎక్కడ గేరు తగ్గిస్తే అక్కడ ఎత్తు అని నోటుబుక్కులో గీత గీసేదాన్ని. గోడ లేని బావి కనబడితే సున్నా చుట్టేదాన్ని. కంకర తేలిన చోట చుక్కలు. ఒక డ్రైవరు అద్దంలో చూసి చూసి, "ఏందక్కా, నా మీద కంప్లయింటు రాస్తున్నవా?" అన్నాడు. "లేదన్నా, మా ఆయన సైకిలు కోసం" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. దిగేటప్పుడు మాత్రం కండక్టరుతో మెల్లగా ఏదో చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ గుట్ట పందెం నా లెక్కల్లో అన్నిట్లో నెగ్గింది. దేవరకొండ వైపు ఒక గుట్ట మీది ఊరు. జాతర పెద్దలే పెట్టిన పందెం. పొద్దున ఆరింటికి మొదలు. జెండా లేదు, సర్పంచి తల్లి తువ్వాల ఊపుతుందట. గుట్ట మీది ఊరికి ఒక దారిన ఎక్కి, ఇంకో దారిన దిగి రావాలి. మొత్తం అరవై కిలోమీటర్లు. మా బస్సు కూడా అట్లాగే ఒక దారిన ఎక్కి ఇంకో దారిన దిగేది. పోయేటప్పుడు గేరు నాలుగుసార్లే మారింది. నాలుగు గీతలు గీసి, బాగుంది అనుకున్నాను. గుట్ట మీద బస్సు కాసేపు ఆగింది. అక్కడ పిల్లలకు మరమరాలు కొనిచ్చాను. మా చిన్నవాడు ఒళ్ళో పడుకున్నాడు. ముందురోజు వాడికి జ్వరం, నాకు నిద్ర లేదు. బస్సు కదలడం తెలుసు. తర్వాత కళ్ళు తెరిస్తే నల్గొండ బస్టాండు.

నోటుబుక్కులో దిగుడు పేజీ ఖాళీ. ఇంటికి వచ్చి "సరే" అన్నాను.

ఆ ఖాళీ పేజీ గురించే ఆలోచిస్తూ, చాట పక్కన పెట్టి, పిల్లలిద్దరినీ తీసుకుని చాచా దుకాణానికి పోయాను. సంగతంతా చెప్పాను, నిద్రపోయిన సంగతి తప్ప.

చాచా చేతిలోని ట్యూబు కింద పెట్టాడు. "ఆ గుట్టకు బ్రేకు లేకుంట పోతడా? అది దిగుడు కాదు బేటీ, జారుడు. ఎడ్లబండ్లోళ్లు ఆడ బండి ఎనకాల పెద్ద మొద్దు తాడుతోని కట్టి, నేలకు రాసుకుంట దించుతరు. లేకుంటె బండి పోయి ఎడ్ల మీద పడ్తది. మా దుకాణం పిల్లలు గూడ గీ సాదా రోడ్డు పందేలకు బ్రేకులు ఇప్పుతరు, ఏమనను. గని గుట్టకా?"

"అయితే ఇప్పుడు వద్దనాల్నా చాచా?"

"ఒద్దంటె ఇంకోసారి నీ మాట ఇంటడా? ఒప్పందమంటె ఒప్పందమే. ఏడు రోజుల ఆటకు సుత పేరిస్తడు."

అదే నా భయం. ఒక్కసారి నేను ఒప్పందం తప్పితే ఆయన మళ్ళీ కనిపించిన ప్రతి పందేనికీ పోతాడు. తప్పకపోతే రేపు పొద్దున బ్రేకు లేని సైకిలు మీద ఆ జారుడు దిగుతాడు. ఇద్దరు చిన్నపిల్లలతో నేను దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మా చిన్నవాడు అప్పటికే చాచా దుకాణంలో ఒక సైకిలు బెల్లు పట్టుకుని ఆపకుండా మోగిస్తున్నాడు.

ఇంటికి వచ్చి సూటిగా చెప్పేశాను. "ఇగో, జర ఇనుండ్రి. పోయేటప్పుడు చూసిన. వచ్చేటప్పుడు నిద్రపోయిన. దిగుడు నేను చూడలే."

ఆయన పానా కింద పెట్టాడు. తర్వాత నవ్వాడు. ఎంత నవ్వాడంటే తలకిందులుగా ఉన్న సైకిలు చక్రం పట్టుకుని కింద కూలబడ్డాడు. "మూడేండ్ల సంది నన్ను ఆపుకుంట, నీళ్లు కట్టుకుంట, బావులకు సున్నలు చుట్టుకుంట... అసలు గుట్ట కాడ నిద్రపోయినవా!"

"నవ్వుండ్రి. మొద్దు కట్టి బండ్లు దించుతరంట అక్కడ. చాచా చెప్పిండు."

నవ్వు తగ్గింది. పశువుల మనిషి కదా, ఎడ్ల మాట వినగానే ఆయనకు విషయం అర్థమయింది. దుప్పటి మీది కుప్పలోంచి బ్రేకు కడ్డీలు ఏరుకున్నాడు. "సరే, బిగిస్త. కాని నువ్వు సుత రావాలె. గుట్ట కింద నిలబడి చూడాలె. గీ శేరు బరువు మోసుడు దండగయితె, ఇగ పందేలన్ని నేనే ఎంచుకుంట."

"ఒప్పుకున్న" అన్నాను.

ఆయన రాత్రే సైకిలు బస్సు మీద వేసుకుని పోయాడు. మర్నాడు మొదటి బస్సులో పిల్లలిద్దరితో, చాచాతో గుట్ట కింది మలుపు దగ్గర దిగాను. దసరా పోయిన రోజులు. తంగేడు విరగబూసి ఉంది. ఊరివాళ్ళు కుండల్లో మజ్జిగ పెట్టుకుని నిలబడ్డారు. అక్కడి నుంచి పైకి చూస్తే దారి ఎర్రగా, నిట్టనిలువుగా కనిపించింది. ఇట్లాంటి దిగుడులో నేను హాయిగా గురకపెట్టాను అనుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

ముందుగా ఇద్దరు పట్నం కుర్రాళ్ళు వచ్చారు. లావు టైర్లు, గేర్లు ఉన్న కొత్తరకం సైకిళ్ళు. మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. చాచా వాళ్ళ వైపు కాదు, సైకిళ్ళ వైపే ఆశగా చూశాడు. వాళ్ళు దాటిపోయాక మలుపు దగ్గర గంటల చప్పుడు. ఒక అవ్వ తన మేకలమందను దారికి అడ్డంగా తోలుకొస్తోంది. జనం కేకలేశారు. "అవ్వా, ఆగవే! పందెం నడుస్తాంది!"

"మేకలకు పందెం ఎరుకనా?" అంది అవ్వ, ఆగకుండానే.

సరిగ్గా అప్పుడే మా ఆయన కనిపించాడు. మూడోవాడు. వంగి, మొహం హ్యాండిలు మీద పెట్టి వస్తున్నాడు. నేను అమ్మాయి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, "అమ్మా, నొస్తాంది" అంది. మేకలు చూశాడు. రెండు బ్రేకులూ నొక్కాడు. ఆ కీచు చప్పుడు ఇప్పటికీ, పిల్లలు పడుకున్నాక ఇట్లా కూర్చుని రాస్తుంటే, చెవుల్లో వినిపిస్తుంది. సైకిలు అటూ ఇటూ ఊగి, చివరి మేకకు మూరెడు దూరంలో ఆగింది.

అవ్వ కర్ర నేలకు కొట్టింది. "ఏమయ్యా డాక్టరూ! మొన్న నల్గొండ సంతల సూదులేసి బతికించినవ్, గియ్యాల తొక్కి సంపుతవా?"

"అవ్వా, నీ మేకలని జర తోలు, నీకు పుణ్యముంటది!"

"తోల్త గని, గీ పిల్ల కుంటుతాంది, ఒక్కసారి చూసి పో."

"అవ్వా, పందెంల ఉన్ననే!"

ఆ లోపల పై నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. బ్రేకులు లేవు. చెప్పులు టైరుకు ఆనించి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరుస్తూ వస్తుంటే కాలిన రబ్బరు వాసన ముందు వచ్చింది. ఒకడు తంగేడు పొదల్లోకి పోయాడు. రెండోవాడు పక్క జొన్నచేనులోకి దూరి కనిపించకుండా పోయాడు. జనం పరిగెత్తారు. మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోయాయి, అంతే. చేనులోకి పోయినవాడు తలమీద జొన్నాకుతో లేచి, "నా చెప్పేది?" అని అడిగాడు. అందరూ పడిపడి నవ్వారు. నేను మాత్రం కింద కూర్చున్నాను. చిన్నవాణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాను.

మేకలు దాటేసరికి వెనక నుంచి నెమ్మదిగా, బ్రేకులతో దిగిన ఒకాయన మా ఆయన్ని దాటిపోయాడు. మా ఆయన నాలుగోస్థానంలో వచ్చాడు. బహుమతులు మూడే.

పందెం అయ్యాక సైకిలు నడిపించుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. ఏదో హాస్యం ఆడతాడనుకున్నాను. కాని ముందు చక్రం పైకెత్తి చూపించాడు. బ్రేకు రబ్బర్లు పూర్తిగా అరిగి, లోపలి ఇనుము బయటికి వచ్చింది.

చాచా వేలితో తడిమి చూసి, "శేరు బరువు దండగ పోలే" అన్నాడు.

ఆ తర్వాత మా ఆయన పోయి అవ్వ మేకపిల్ల కాలు చూశాడు. ముల్లు విరిగి లోపలే ఉంది, తీశాడు. అవ్వ నా కొంగు పట్టించి, దాని నిండా గుట్ట సీతాఫలాలు పోసింది. "గిది నీ మొగనికి బహుమతి. మంచిగ ఆపిండు" అంది. తిరుగు బస్సులో పిల్లలు ముఖమంతా పూసుకుని తిన్నారు. గింజలు ఎక్కడ పడితే అక్కడ ఉమ్మితే కండక్టరు తిట్టాడు. మా ఆయన సీటుకు తల ఆనించి నిద్రపోయాడు. నేను మాత్రం కళ్ళు ఆర్పలేదు.

మర్నాడు పొద్దున ఆయన సైకిలుకు మడ్‌గార్డులు బిగించుకుని, కొత్త రబ్బర్లు వేయించుకోవడానికి చాచా దుకాణానికి పోయాడు. అమ్మాయి జడ వేయించుకుంటూ అడిగింది. "అమ్మా, నాయిన ఎందుకు గెలువలే? మేకల వల్లనేనా?"

"మేకలు ఏం చేసినయే? తప్పు నాది. పోయేటప్పుడు దారి చూసిన, వచ్చేటప్పుడు నిద్రపోయిన" అన్నాను. చిన్నవాడు కూడా సీతాఫలం పక్కన పెట్టి వింటున్నాడు.

"సూర్యాపేట దిక్కు ఇంకో పందెం ఉందంట. వచ్చే ఆదివారం బస్సుల పోయి చూసొద్దాం. పోయేటప్పుడు కిటికీ కాడ చిన్నోడు, వచ్చేటప్పుడు నువ్వు. నోటుబుక్కు నా దగ్గర ఉంటది. నేను కునుకు తీసిననుకో, ఇద్దరు కలిసి గిల్లుండ్రి. గట్టిగ గిల్లుండ్రి."