మొదట రాసిన ఊరు

కన్సల్టింగ్ కంపెనీకి వచ్చే ఉద్యోగ దరఖాస్తులు చూడటం నా పని. వికారాబాద్ దాటాక రైల్లో ఫోన్‌లో ఆ పని గురించే మాట్లాడుతుంటే, పక్కన కూర్చున్న అమ్మాయి వింది. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో.

“అక్కా, నేను గూడ గసొంటి కంపెనీకే దరఖాస్తు పెట్టిన. మూడు ఊర్ల ఆఫీసులు రాసిన. మూడూ చూస్తరా?” అని అడిగింది.

“మామూలుగా ముందు మొదటి ఊరి ఆఫీసు చూస్తుంది. వాళ్లు వద్దంటేనే రెండోదానికి పంపుతారు. గడువులోపల వరుస మార్చుకోవచ్చు” అన్నాను.

“రేపటి దాంక ఉన్నది గడువు” అంటూ ఫోన్‌లో ఫారం తెరిచింది. మొదట హైదరాబాద్, తర్వాత పుణె, చెన్నై.

“మా అక్క హైదరాబాద్‌ల క్యాన్సర్ దవాఖాన్ల ఉండె. కొలువొస్తే రోజూ పోయి చూడొచ్చని ఆ ఊరే ముందు రాసిన. పోయిన నెల చనిపోయింది. ఇగ ఆ ఊర్ల నాకేమున్నది?”

పుణె ముందు పెడితే అక్కడివాళ్లే మొదట చూస్తారని చెప్పాను. ఆమె హైదరాబాద్ చెరిపేసింది. ఆ గడిని ఖాళీగానే ఉంచి, ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

తాండూరు వస్తోందని అందరూ లేస్తుంటే, అదే గడిలో మళ్లీ హైదరాబాద్ అని రాసి పంపేసింది.

“అక్క కోసం రాసిన గదా. ఉండనీ” అని దిగిపోయింది.

ఆమెకు ఉద్యోగం వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ ఊరే ఎందుకని అడిగే గడి మా ఫారంలోనూ లేదు. ఇప్పటికీ ఏ దరఖాస్తులోనైనా మొదటి ఊరి పేరు చదివాక, రెండోదానికి పోయే ముందు కాసేపు ఆగుతాను.