కోరుట్ల పెళ్లికి కట్టుకుపోయిన అన్నం

శ్రావణ మాసం, గురువారం, పొద్దున తొమ్మిదిన్నర. సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయే బస్సును పోలీసులు దారిలో ఆపిన టైము అది. లోపల నేను, తొమ్మిదేళ్ల నా బిడ్డ, నా ఒళ్లో నాలుగు గిన్నెల క్యారియర్.

ఆ క్యారియర్ సంగతి ముందు చెప్పాలి. నా బిడ్డకు గోధుమ పడదు. రెండేళ్లు విరేచనాలు, పుల్లల్లాంటి కాళ్లు, కుండలాంటి పొట్ట. జగిత్యాల డాక్టరు హైదరాబాదు పంపితే, అక్కడ గొట్టం వేసి పేగు ముక్క తీసి చూశారు. "సీలియాక్ అంటారమ్మా. గోధుమ కలిసింది ఏదీ జన్మలో పెట్టకు" అన్నాడు పెద్ద డాక్టరు. నాకు నవ్వొచ్చింది. మా ఆయన సాంచ మీద బట్ట నేస్తాడు, నేను బీడీలు చేస్తాను, మాకు చపాతీలెక్కడివి?

"మా ఇంట్ల గోధుమపిండే లేదు సారూ."

"మరి బాగలేనప్పుడు ఏం పెట్టావు?"

బ్రెడ్డు పెట్టాను, పాలల్లో ముంచి. విరేచనాలు ఎక్కువైతే ఇంకో రెండు ముక్కలు ఎక్కువ పెట్టాను. చూడవచ్చినవాళ్లంతా బ్రెడ్డే తెచ్చారు. రెండేళ్లు నా చేత్తోనే. బ్రెడ్డూ గోధుమేనని ఆ కుర్చీలోనే తెలిసింది.

ఇంటికొచ్చి అన్నీ ఊడ్చేశాను. రవ్వ, సేమ్యా, రస్కులు, చివరికి ఇంగువ కూడా. అందులోనూ గోధుమపిండి కలుపుతారట! బిడ్డకు వేరే గిన్నె, వేరే గంటె. ఒకనాడు పక్కింట్లో పోలె, అదే బొబ్బట్టు, ముక్క నోట్లో పెట్టుకుంటే చెంప మీద కొట్టి కక్కించాను. నన్ను అడగకుండా ఏదీ తినొద్దని నేర్పాను. నేర్చుకుంది. ఆరు నెలలకు బుగ్గలొచ్చాయి.

అప్పుడు కోరుట్లలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లి వచ్చింది. "మా ఇంటి బువ్వ ఏం పాపం జేసింది వదినే? నీ బిడ్డకు ఇషం బెడ్తమా?" అని ఆమె మూతి తిప్పింది. పూరీలు కాల్చిన నూనెలో అప్పడం వేయించినా డాక్టరు వద్దన్నాడని ఎంతమందికి చెప్పను? రెండు రోజులకు సరిపడా అన్నం, పప్పు, గుడ్లు, బియ్యప్పిండితో చేసిన సర్వపిండి కట్టుకుని బస్సెక్కాను.

పోలీసు జవాను క్యారియర్ మూత ఎత్తాడు.

"ఏడికి వోతున్నవ్?"

"కోరుట్లకు సారూ, పెండ్లికి."

"పెండ్లికి బువ్వ గట్టుకపోతున్నవా? నాలుగు గిన్నెలు? గీ పోరి తింటదా గిదంత? సక్కగ చెప్పు, ఏ అడివిల దిగుతవ్? ఏ అన్నలకు?"

అన్నలంటే నక్సలైట్లు. వాళ్లకు అన్నం పెట్టారని మా వాడలో ఇద్దరిని తీసుకుపోయారు. ఒక్కరే తిరిగొచ్చారు.

"బిడ్డకు బిమారి సారూ. గోధుమలు పడయి."

"గోధుమలు పడని బిమారా? నేను పుట్టినకాంచి ఇనలే."

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు కాగితం ఇంట్లో పెట్టెలో ఉంది. అప్పటికి నాకు చదువు లేదు. ఆ ఇంగ్లీషు కాగితం వెంట పెట్టుకోవాలని కూడా తోచలేదు. జవాను జేబులోంచి బిస్కెట్ తీశాడు.

"తిను పాపా. నిజమో అబద్ధమో గిప్పుడే తెలుస్తది."

బిడ్డ నా మొహం చూసింది. తుపాకి నా వైపు లేదు, కిందికే ఉంది. అయినా అన్నాను.

"తిను బిడ్డా."

"నువ్వే వద్దంటివి గదనే అవ్వా."

"తినుమన్న గదా!" అని కసిరాను.

మొత్తం తిన్నది. అందరం దాని నోటి వైపే చూశాం. ఏమీ కాలేదు. ఈ రోగం అప్పటికప్పుడు పడగొట్టదు, గంటలు పడుతుంది. నాకది తెలుసు. తెలిసీ, నా బిడ్డ అక్కడే కూలిపోతే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. కన్నతల్లిని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని కూడా ఈ మాట రాయడానికి చాలా ఏళ్లు పట్టింది.

"ఏం గాలె! సూసిన్రా?" అని జవాను నవ్వాడు. మమ్మల్ని కిందికి దింపి, గిన్నెలన్నీ రోడ్డు మీద బోర్లించి, చీటీలేమైనా ఉన్నాయేమోనని బూటుతో అన్నం కెలికాడు. ఏమీ దొరకలేదు. "ఎక్కు. పెండ్లిల పోరికి పూరీలు మంచిగ తినుపియ్యి" అని పంపేశాడు.

సాయంత్రం పందిరి వెనక మొదలైన వాంతులు, విరేచనాలు ఎనిమిది రోజులకు గానీ ఆగలేదు. బిడ్డ బతికింది. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు, నేను వండి పెట్టిన అన్నం కూడా వాసన చూడనిదే నోట్లో పెట్టలేదు.

ఆ రోజు బిడ్డ బిస్కెట్ తిన్నప్పుడు అక్కడున్నది డ్రైవరు, మా ఊళ్లు మాకంటే బాగా తెలిసిన కండక్టరు, కోనరావుపేటలో ఎక్కిన బడిపంతులు, గొల్లపల్లి మేకల బేరగాడు, చంటిపిల్లతో ఒక బాలింత, సంచుల మీద కూర్చున్న ముగ్గురు బీడీల ఆడవాళ్లు, ఆ జవాను, కింద జీపు దగ్గర ఇంకో ఇద్దరు, నా బిడ్డ. తినమన్న నేను.