కేజన్ సీసాలో కందిపొడి

శనివారం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, నవ్వొస్తే నవ్వేయండి. నాకైతే ఇంకా నవ్వు రావట్లేదు.

సాయంత్రం బిషాన్ పేటలో ఉండే మా ఫ్రెండ్ లావణ్య వాళ్లింట్లో పాట్‌లక్. నా వంతు కేజన్ కార్న్. ఏముంది, బటర్‌లో వెల్లుల్లి వేయించి, స్వీట్‌కార్న్ వేసి, క్రీమ్ పోసి, కేజన్ మసాలా చల్లడమే! క్రీమ్ పొంగేలా ఉంది, కళ్లజోడంతా ఆవిరి, గరిటె వదల్లేను.

"ఏవండీ, ఆ కేజన్ సీసా ఇటివ్వండి!" అని అరిచా.

పాపం, మా ఆయన ఫ్రిజ్‌లో వెతికి, లేబుల్ చదివి మరీ ఇచ్చారు. చూస్తే కొంచెమే ఉంది. చాలదేమో అనుకుంటూ సీసా బోర్లించి, అడుగున తట్టి మొత్తం దులిపేశా.

గుప్పున వాసన. వేయించిన కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర!

మన ఇళ్ల సంగతి తెలుసుగా! జామ్ సీసాలో చింతపండు, ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇడ్లీపిండి. అలాగే ఖాళీ అయిన పాత కేజన్ సీసాలో అమ్మ చేసిన కందిపొడి. కొత్త కేజన్ సీసా సీల్ కూడా తీయకుండా నా నెత్తిమీద షెల్ఫ్‌లోనే ఉంది.

అమ్మ కిందటేడు మా దగ్గరికొచ్చినప్పుడు చేసిన పొడి అది. ఊరెళ్లిన కొన్నాళ్లకే అమ్మ పోయింది. ఇంక ఆ పొడి ఎవరు చేసిపెడతారు? అందుకే తినకుండా దాచుకున్నా. మరీ బెంగ పుడితే మూత తీసి, వాసన చూసి, మళ్లీ పెట్టేసేదాన్ని.

"ఉండు, పైపైన తీసేద్దాం" అంటూ మా ఆయన చెంచా అందుకున్నారు. క్రీమ్‌లో కలిసిపోయాక ఏం తీస్తాం! స్టవ్ ఆపేసి, అక్కడే నిలబడి ఏడ్చేశా.

పారేయడానికి చెయ్యి రాలేదు. అలాగే పట్టుకెళ్లా. పిల్లలు ఎగబడి తిన్నారు. "ఆంటీ, సో షియోక్ లా! భలే ఉంది, ఇంకా ఉందా?"

"అక్కా, ఇది ఏ బ్రాండ్ కేజన్?" అంది లావణ్య.

"ఇప్పుడు దొరకట్లేదే" అన్నా.

అమ్మ ఉంటే తిట్టేది. "తినడానికి చేశానే పిచ్చిదానా, దాచుకోడానికా?" అని. ట్రే అడుగున అంటుకున్నది వేలితో తుడుచుకుని తిన్నా. ఎవరూ చూడలేదనే అనుకుంటున్నా.

ఇవాళ పొద్దున మా ఆయన అడిగారు. "ఆ సీసా ఇంకా కడగలేదేం?"

"డిష్‌వాషర్ పాడైంది" అన్నా.

మా ఇంట్లో డిష్‌వాషర్ అంటే నేనే కదా!