పచ్చంచు కట్ట

మా మామ పోయాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో తెల్లవారుజామున ప్రాణం పోయిందని టెలిగ్రాం వచ్చినప్పుడు నేను మార్కాపురం తాలూకా కచేరీలో, ఖాళీగా ఉన్న ఆయన కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉన్నాను. కాగితం చేతిలో పట్టుకుని, అలవాటు కొద్దీ, "మామా, ఇది ఏ కట్టలో పెట్టాల?" అని అడగబోయి నోరు మూసుకున్నాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు, కచేరీలో రికార్డు కీపరు. నేను అక్కడే గుమాస్తాను. ఎప్పటెప్పటి అర్జీలూ, జాబులూ, కరువునాటి మొరలూ అన్నీ ఊరికొక కట్టగా గుడ్డలో కట్టి అరల్లో దాచేవాడు. వానలు తగ్గగానే వాటిని వరండాలో ఎండకు పరిచి, గాలికి ఎగిరిపోకుండా పలక ముక్కలు బరువు పెట్టేవాడు. సాయంత్రం మడతల్లో ఎండు వేపాకు వేసి మళ్లీ కట్టేవాడు. ఊళ్లను మనుషుల్లాగే చూసేవాడు. "దోర్నాల బాగ చెమ్మగిల్లింది అల్లుడా, దాన్ని ముందు ఎండకెయ్యి" అనేవాడు. నేను విసుక్కుంటే ఆయనకు కోపమొచ్చేది.

"ఏందిరా ఆ ముఖం? వానల్లేవు, బాయి తవ్వించండయ్యా అని ఏడ్చుకుంటా రాసినారు. వాళ్లెట్లాగూ పోయినారు. ఆ ఏడుపన్నా మిగలొద్దా?"

యుద్ధం రోజుల్లో గుడ్డకు కరువొచ్చి కచేరీకి కట్టలు కట్టే గుడ్డ రావడం ఆగిపోయింది. మామ ఊరుకుంటాడా? అత్త పాత చీరలు ఒక్కొక్కటే చించి తెచ్చాడు. నేను ఇంటికి వెళ్తే చాలు, అత్త అందుకునేది. "చూసినావా నాయనా మీ మామ నిర్వాకం! దోర్నాలకొక చీర, త్రిపురాంతకానికొక చీర. కట్టుకున్నదానికి మాత్రం చిరుగులు!" మామ గోడవైపు తిరిగి నవ్వుకునేవాడు. పచ్చంచు పెళ్లిచీర చివికిపోయాక దాన్ని మాత్రం తర్లుపాడు కట్టకు కట్టాడు. అది అత్త పుట్టినూరు. ఆ సంగతి తెలిసిన రోజు అత్త తిట్టలేదు.

ఆయన దినాలు కాగానే కచేరీకి కొత్త గుడ్డ వచ్చింది. కొత్త రికార్డు కీపరు పాత కట్లన్నీ విప్పించడం మొదలుపెట్టాడు. మామ వేసిన ముడులు ఒక్కొక్కటే ఊడిపోతుంటే చూడలేక వెళ్లి అత్తకు చెప్పాను. ఆమె ఎన్నడూ కచేరీ గడప తొక్కిన మనిషి కాదు. వెంటనే బయల్దేరి వచ్చింది.

"అయ్యా, ఆయన కట్టినది ఒక్కటన్నా మిగిలిందా?"

మిగిలింది తర్లుపాడు ఒక్కటే. కొత్తాయన మంచివాడు, పై అరలోంచి తానే దించి తెచ్చాడు. "విప్పి ఇస్తా తల్లీ, చీర తీసుకుపో" అన్నాడు. ముడి మీద చెయ్యి వెయ్యబోయేసరికి అత్త రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"విప్పొద్దు నాయనా! ఉత్త చీర నేనేం చేసుకునేది? ఆయన చేతివేళ్లు ఈ ముడి మీద ఉండాయి. నాకింకేం మిగల్లేదు." కట్ట మీద తల ఆనించి ఏడ్చింది. నేనూ ఆపుకోలేకపోయాను.

కొత్తాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముడి విప్పకుండానే పైన కొత్త తెల్లగుడ్డ చుట్టించాడు.

అత్తను ఇంటి దగ్గర దింపి తిరిగొచ్చి, కట్టను నేనే పై అరలో పెట్టాను. తెల్లగుడ్డ కిందినుంచి పచ్చంచు కాస్త బయటికి వేలాడుతోంది. దాన్ని లోపలికి దోపడానికి నాకు చెయ్యి రాలేదు.