సీసా మీద గీత

మా నాన్న నాకు నేర్పిన క్రమశిక్షణ ఒక్కటే. ఊరెళ్లేముందు స్కూటర్ ట్యాంకు నిండా పెట్రోల్ కొట్టించి పెట్టాలి, ఖాళీ ట్యాంకు తుప్పు పడుతుంది. ఆయన పోయాక స్కూటరూ ఆ సూత్రమూ రెండూ నాకే దక్కాయి. ఏటా వేసవిలో కూచిపూడి దగ్గర మా అత్తగారి ఊళ్లో నెలరోజులు ఉంటాను. వెళ్లేముందు బండికి కడుపునిండా పోయించి, భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబెడతాను.

కొన్నేళ్లుగా నేను తిరిగొచ్చేసరికి అది ఎన్ని కిక్కులు కొట్టినా లేవడం మానేసింది.

దాన్ని ట్రాలీ ఆటో ఎక్కించి గవర్నర్‌పేట సందులో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. నాన్న కాలం నుంచీ మా బండి ఆయన చేతిలోనే ఉంది. కార్బ్యురేటర్ని చెవితో బాగుచేసేవాడు. స్క్రూ పావు చుట్టు తిప్పి, కళ్లు మూసుకుని వినేవాడు. ఓ ఆదివారం నాకోసం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే వచ్చి షట్టరెత్తాడు. ఉబ్బి మెత్తబడిన రబ్బరు పైపు తీసి చూపించాడు. ట్యాంకు నింపి నిలబెట్టొద్దన్నాడు.

"ఇప్పటి పెట్రోల్లో ఆల్కహాల్ కలుపుతున్నారండీ. అది గాల్లో తేమ తాగుద్ది. బండి కదలకపోతే నీళ్లు అడుక్కి దిగిపోతాయండీ."

"మందు కలిపాక తాగకుండా ఎలా ఉంటుంది మేస్త్రీ?" అన్నాను. నా జోకుకి ఆయన నవ్వడం అదే ఆఖరు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. అయినా మరుసటి వేసవి మళ్లీ నింపి నిలబెట్టాను. మళ్లీ లేవలేదు. ఈసారి ఆయనకి 'పునర్దర్శనం మేస్త్రి' అని పేరుపెట్టి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వదిలాను. ఆయన చేతిలో పడ్డ బండి మళ్లీ ఆయన దర్శనానికి వెళ్లాల్సిందేనని వివరణ కూడా ఇచ్చాను. నా రచనల్లో అంత ఆదరణ పొందింది మరొకటి లేదు. పాతబండ్లు చాలామందివి మొరాయిస్తున్న రోజులవి. పెట్రోల్ బంకుకి లైట్లున్నాయి, యూనిఫాం ఉంది. ఆయన ఒంటినిండా గ్రీజుంది. తప్పెవరిదో తేల్చడం ఎవరికీ కష్టం కాలేదు.

ఓ ఉదయం మా అపార్ట్‌మెంట్‌వాళ్లు నలుగురైదుగురు కలిసి ఆయన్ని షాపు ముందు నిలదీశారు. నేనూ ఉన్నాను. ఆయన వాదించలేదు. ఓ సోడాసీసా తెచ్చి, గీత గీసి, గీతదాకా నీళ్లు పోశాడు. పైన నా బండిలోని పెట్రోల్ పోసి, ఊపి, కింద పెట్టాడు. కాసేపటికి అడుగునున్న నీటి మట్టం గీత దాటి వేలెడు పైకొచ్చింది. పెట్రోల్లోని ఆల్కహాల్ నీళ్లలోకి దిగిందన్నమాట. పరీక్షల్లో నేను రాసిన జవాబే అది.

"మేజిక్ బాగుంది. సీసాలోంచి పావురం ఎప్పుడొస్తుంది మేస్త్రీ?" అన్నాను.

అందరూ నవ్వారు. సీసా వైపు ఎవరూ చూడలేదు. ఆయన నావైపు తిరిగాడు.

"మీరు చదువుకున్నోళ్లు కదండీ. మీరన్నా చెప్పండి."

ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నా దగ్గర ఉంది.

"నేను చదివి చాలా కాలమైంది. సిలబస్ మారి ఉంటుంది," అన్నాను.

ఈసారి ఇంకా బాగా నవ్వారు. ఆయన సీసా ఎత్తి కాలవలో వంపేశాడు.

ఆ షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నేనూ ఒకటి కొన్నాను. బాగానే ఉంది.

ఈ వేసవి ఊరెళ్లేముందు బంకుకి వెళ్లి, అలవాటుగా ఫుల్ చెయ్యమన్నాను. పైపు పట్టుకున్నది ఆయనే. యూనిఫాం ఒక సైజు పెద్దది.

"ఊరెళ్తున్నారాండీ?"

నెలరోజులన్నాను. ఆయన ట్యాంకులోకి చూశాడు, నన్ను చూశాడు. వద్దంటాడేమోనని ఎదురుచూశాను.

"జీరో చూసుకోండి."

పైపు తనంతట తాను ఆగాక కూడా ఆయన ఆగలేదు. తల పక్కకి వంచి, చుక్కచుక్కగా, ఒకప్పుడు స్క్రూ తిప్పినంత శ్రద్ధగా మూతిదాకా నింపాడు. ఆపమంటే ఆయన చెప్పింది ఒప్పుకున్నట్టవుతుంది. నేను మీటరు చూస్తూ నిలబడ్డాను.