సింహాచలం మావయ్య కారుకు మూడు మీటర్లు

మొన్న మా రాయ్‌పూర్ పండరీ బజారులో చీరలు చూస్తుండగా కరెంటు పోయింది. దుకాణం ముందున్న జనరేటరును ఎవరో స్టార్ట్ చేశారు. కాసేపటికి కాగిన ఇంజనాయిలు వాసన లోపలికి వచ్చింది. అంతే, నా చేతుల్లోంచి చీర జారిపోయింది, తూలి బల్ల పట్టుకున్నాను. దుకాణదారు కంగారుపడి "క్యా హువా మేడమ్?" అంటూ కుర్చీ జరిపాడు. నీళ్లు తాగి కూర్చున్నాను. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ అంతే. సింహాచలం మావయ్య పోయి ఇన్నేళ్లయినా ఆ మధ్యాహ్నం నాకు పాతబడలేదు.

సింహాచలం మావయ్య మాకు చుట్టమేమీ కాదు. రాయ్‌పూర్‌లో మా తెలుగు రైల్వే కుటుంబాల్లో పెద్దలందరూ పిల్లలకు మావయ్యలూ అత్తలే. ఆయనది విజయనగరం వైపు. రైలింజను డ్రైవరుగా చేసి, రిటైరయ్యాక గుఢియారీ పేటలో మా పక్కనే ఇల్లు కట్టుకున్నాడు. మే నెల ఎండలో మేమంతా చెప్పులేసుకుని కూడా గంతులు వేస్తూ మేడ దాటుతుంటే, ఆయన వట్టి కాళ్లతో సిమెంటు గచ్చు మీద నిలబడి తీరిగ్గా వడియాలు తిరగేసేవాడు. "కాళ్లు కాలట్లేదా మావయ్యా?" అంటే నవ్వేవాడు. "బొయిలర్ కాడ పెరిగిన కాళ్లే పాపా ఇవి! వీటికేటి ఎండ?" ఆ మాట వీధంతా చెప్పుకునేవాళ్లం. ఆయన భార్య పైడితల్లి అత్త కూడా ఎవరొచ్చినా ఆ కాళ్ల గొప్ప చెప్పకుండా కాఫీ ఇచ్చేది కాదు.

నేను అప్పుడు డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను. ఇంటర్వ్యూకి వెళితే నోరు పెగిలేది కాదు. ఉర్లాలో ఒక ఫ్యాక్టరీవాళ్లు పేరు అడిగితే అది కూడా తడబడి చెప్పి ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం మావయ్య గోడ మీంచి పిలిచాడు. అప్పటికి కొద్ది నెలల ముందే ఆయన ఒక పాత కారు కొన్నాడు. అరవైల నాటిది, గుండ్రటి దీపాలు, తాబేలు వీపులాంటి టాపు. నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాడు. నాకు భయం అన్నాను.

"బయ్యం ఉండాల. బయ్యం నేనివోడికి బండి ఇవ్వకూడదు. కాపోతే ఆ బయ్యం పెట్టుకోని ఎటు సూడాలో తెలవాల, అంతే."

అలా డ్రైవింగ్ నేర్చుకున్నాను. గేరు మార్చడం వచ్చేసరికి గొంతు కూడా కాస్త తెరుచుకుంది. ఆయన దగ్గర నేర్చుకున్నది కారొక్కటే కాదని అప్పట్లో నాకు తెలియదు. ఆయనకు మాత్రం ఆ కారే ప్రాణం. "నడపడం ఆగిపోతే నాను మనిసినే కాదు" అని పది మందిలో అనేవాడు. అత్త మూతి ముడుచుకునేది గానీ, అందులో అబద్ధం లేదని ఆవిడకూ తెలుసు.

ఆ కారు డాష్‌బోర్డు మీద ఉన్నవి రెండే: స్పీడు చెప్పే మీటరు, పెట్రోలు చెప్పే ముల్లు. ఇంజనాయిలు తగ్గితే వెలగడానికి ఒక చిన్న ఎర్ర బల్బు. ఆ బల్బంటే మావయ్యకు ఒళ్లు మంట. "అది వెలిగీసరికి ఇంజను సచ్చిపోద్ది. సావు కబురు సెప్పడానికి బల్బెందుకు?" అనేవాడు. అందుకని ఇంకో మూడు మీటర్లు పెట్టాలని తీర్మానించాడు. నీళ్ల వేడికి ఒకటి, బ్యాటరీకి ఒకటి, ఆయిలు ప్రెషరుకు ఒకటి. ఎంపిక బాధ్యత నాకూ అప్పజెప్పాడు. రెండు ఆదివారాలు పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించాం. నాకేమో తెల్ల ముఖం, సన్నటి అంకెలు, చుట్టూ మెరిసే రింగు ఉన్నవి నచ్చాయి. ఆయన వాటిని ఎండలోకి పట్టుకెళ్లి, "తళతళలాడితే ముల్లు కనపడదు. ఇది పెళ్లికూతురు కాదు పాపా, మీటరు" అని తిరిగిచ్చేశాడు. చివరికి నల్ల ముఖం, లావు తెల్ల ముల్లు ఉన్నవి ఒప్పుకున్నాం. ఇంటికి తెచ్చి బల్ల మీద వరసగా పెడితే అత్త వచ్చి చూసింది.

"ఇన్ని గడియారాలు కొన్నారు, ఒక్కటీ టైము సెప్పదు కదా!"

ఆయిలు మీటరు దగ్గర మాత్రం పెద్ద వాదనే అయింది. అందులో రెండు రకాలుంటాయి. ఒకటి కరెంటు తీగతో పనిచేసేది. రెండోది పాత పద్ధతి: ఇంజనులోంచి సన్నటి రాగి గొట్టం లోపలిదాకా వచ్చి, వేడి ఆయిలు నేరుగా మీటరు వెనక్కి చేరుతుంది. బిగించడానికి వచ్చిన మిస్త్రీ బతిమాలాడు. "బాబూజీ, తార్ వాలా లగా లో. పైప్ ఫట్ గయా తో గరమ్ తేల్ సీధా పైర్ పే గిరేగా." తీగదే పెట్టించుకోండి, గొట్టం పగిలితే వేడి ఆయిలు నేరుగా కాలి మీద పడుతుందని అంత స్పష్టంగా చెప్పాడు. నేనూ తీగదే పెట్టించమన్నాను. మావయ్య వినలేదు.

"తీగ అబద్ధమాడొచ్చు. ఆయిలే వచ్చి సెప్తే అబద్ధమెలా ఆడతాది? రైలింజనులో గొట్టాల్నే నమ్మాను, బతికాను."

చివరికి రాగి గొట్టమే పెట్టారు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఉర్లా రోడ్డు మీద వెళుతున్నాం. ఆ ఫ్యాక్టరీవాళ్లు నన్ను మళ్లీ పిలిచారు. ఈసారి ధైర్యంగా చెప్పగలనని మావయ్యే తీసుకెళుతున్నాడు. ఆయన నడుపుతున్నాడు, ఎప్పట్లాగే వట్టి కాళ్లతో. పెడలు అరికాలికి తెలియాలట. నేను పక్క సీట్లో సర్టిఫికెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగిపోయింది.

"పాపా, సూడు సూడు! ముల్లు దిగతాంది. ఎర్ర బల్బు వెలిగిందేటి? నేదు! మీటరు ముందే సెప్పీసింది!"

పండగ వచ్చినంత సంబరంగా కారు పక్కకు తీసి ఆపాడు. అప్పుడే వాసన వచ్చింది. కిందికి చూశాను. డాష్‌బోర్డు కింద రాగి గొట్టం చిట్లి, నల్లటి ఆయిలు సన్నటి ధారగా ఆయన కుడి పాదం మీద పడుతోంది. పాదం కదలడం లేదు. ఆయిలు చల్లగా ఉందేమో అనుకున్నాను. ఒంగి వేలు పెట్టాను. చురుక్కుమంది. కేక వేసి చెయ్యి లాక్కున్నాను. ఆ కింద ఆయన పాదం మీది చర్మం నా కళ్ల ముందే పొంగి, ఊడి వస్తోంది.

"మావయ్యా, కాలు! కాలు తియ్యండి!"

ఆయన నాకేసి నవ్వుతూనే చూశాడు. "ఏటయింది పాపా? బండి ఆపీసాను కదా."

ఇంతకన్నా భయంకరమైనది నా జీవితంలో నేను చూడలేదు. కాలిన పాదం కాదు, ఆ నవ్వు. ఒక మనిషి కాలు కాలిపోతుంటే ఆ మనిషికే తెలియలేదు. రెండు చేతులతో ఆయన మోకాలు పట్టి నేనే లాగాను. అప్పుడు కిందికి చూసుకున్నాడు. అటుగా వెళ్లే ఆటోను ఆపి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నోరు పెగలని పిల్లను, ఆ రోజు కౌంటరు దగ్గర గొంతు చించుకుని అరిచానట. నాకు గుర్తులేదు.

డాక్టరు కట్టు కట్టించి రక్తం పరీక్ష చేయించారు. చక్కెర విపరీతంగా ఉంది. ఎన్నేళ్లుగా ఉందో చెప్పలేమన్నారు, కాళ్లలో నరాలు ఎప్పుడో చచ్చుబడ్డాయన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం రైల్వేవాళ్లు పరీక్షలు చేసేవారు. రిటైరయ్యాక ఆయన డాక్టరు గడప తొక్కలేదు. మండే మేడ మీద ఆయన నిలబడితే ముచ్చటపడి చూశామే! అది బలం కాదు. మా వీధిలో ఒక్కరికీ, చివరికి అత్తకు కూడా ఆ అనుమానం రాలేదు.

తర్వాత డాక్టరు ఒక సూది తీసుకుని, బాగున్న ఎడమ పాదం కింద గుచ్చడం మొదలుపెట్టారు. మావయ్య పడుకుని ఉన్నాడు. ఆయనకు అరికాలు కనపడదు. ఆయన డాక్టరుకేసి చూడలేదు, నా ముఖంలోకి చూస్తున్నాడు.

"గుచ్చినారా పాపా?"

బొటనవేలి కింద రక్తపు చుక్క నాకు కనపడుతోంది. అబద్ధం చెప్పాలని ఎంతగా అనిపించిందో! చెప్పలేకపోయాను.

"గుచ్చారు మావయ్యా."

"ఇంకోసారి గుచ్చమను." కళ్లు మూసుకున్నాడు. "ఇప్పుడు?"

"గుచ్చారు."

"మడమ కాడా?"

"అక్కడ కూడా అయింది మావయ్యా."

ఆయన కళ్లు తెరవకుండానే చొక్కా జేబులోంచి కారు తాళం తీసి, నా చేతిని వెతికి పట్టుకుని అందులో పెట్టాడు. "బండి రోడ్డు మీద ఉండిపోనాది. మిస్త్రీ సేత గొట్టం మూయించి నువ్వు తోలుకొచ్చీ. ఇంక నువ్వే" అన్నాడు. నడపకపోతే మనిషినే కాదన్న మనిషి ఎవరూ చెప్పకుండా తనంతట తానే వదిలేసుకున్నాడు. నేను ఆ మంచం అంచు పట్టుకుని భోరుమన్నాను.

కుడి పాదానికి రెండు వేళ్లు తీసేశారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ నేనే నడిపాను, ఆయన పక్క సీట్లో కూర్చున్నాడు. ఒక్కసారి కూడా తాళం అడగలేదు. ఆ రోజు తప్పిపోయిన ఇంటర్వ్యూకి మళ్లీ వెళ్లి, నేను ఉర్లాలో ఆ ఉద్యోగంలోనే చేరాను.

ఇప్పుడు మా అమ్మకు చక్కెర జబ్బు. ఆదివారం పొద్దున ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని కిటికీ వెలుతురులో వేలు వేలూ విప్పి చూస్తాను. "వదలవే, నాకే నొప్పీ లేదు" అని కసురుకుంటుంది. ఆ మాట వినగానే ఇంకాస్త దగ్గరగా వంగి చూస్తాను.